పాత పూడిక తీయడానికి ఏ ఫైలు?

నరసరావుపేట పల్నాడు రోడ్డులోనో, మాచర్ల బస్టాండు దగ్గరి వీధిలోనో మీరు కొత్తగా క్లినిక్ తెరిచారు. కుర్చీ, ఎక్స్‌రే మిషను, ఎండోమోటారు అన్నీ వాయిదాల మీద తెచ్చినవే. పిప్పి పళ్లు, పీకుళ్లు, క్లీనింగులతో రోజులు బాగానే నడుస్తున్నాయి. ఇంతలో దుర్గి నుంచి ఒక పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. దవడ పట్టుకుని అడుగుతున్నాడు: "ఎనిమిదేళ్ల కిందటే నరం తీసేశారు గదా సారూ. నరమే లేనప్పుడు మళ్లీ ఈ సలుపేంది?"

ఎక్స్‌రే తీశారు. వేళ్లలో పాత గట్టాపర్చా తెల్లగా కనబడుతోంది. ఒక వేరు చివర నల్లటి మచ్చ. ఇప్పుడు చేతిలోకి ఏం తీసుకుంటారు?

బీడీఎస్‌లో ఈ పని చేసే అవకాశం చాలామందికి రాదు. కొత్త పంటికి రూట్ కెనాల్ చేసి మార్కులు తెచ్చుకున్నాం, ఒకరు పూడ్చినదాన్ని తవ్వి తీయమంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. సరిగ్గా ఆ వారమే కంపెనీ రెప్ వస్తాడు. "రీట్రీట్‌మెంట్ కిట్ లేకుండా ఎట్లా సార్?" అంటూ కరపత్రాలు పరుస్తాడు. ఏ కరపత్రం చూసినా ఆ కంపెనీ ఫైలే అందరికంటే శుభ్రంగా తీస్తుందని ఉంటుంది. అన్నీ నిజమెట్లా అవుతాయి?

నా మాట ముందే చెప్పేస్తాను. ఏ కంపెనీ ఫైలూ పాత పూడికను పూర్తిగా తీయదు. వేరులో పై రెండు వంతులు మిషను తీస్తుంది, కింది వంతు మీరు తీయాలి. మిరప చేలో అడ్డంగా, నిలువుగా గుంటక ఎంత బాగా తోలినా మొక్క మొదట్లో కలుపు చేత్తోనే పీకాలి గదా, ఇదీ అంతే. అందుకని ఏ ఫైలు గొప్పదన్న ప్రశ్న పక్కన పెట్టి, ఏ ఫైలును ఎక్కడ ఆపాలన్న ప్రశ్న పట్టుకోండి.

ఫైలు ముట్టుకోక ముందు

ఐదు నిమిషాలు పట్టే పని ఇది. ఇక్కడ తొందరపడితే తర్వాత రెండు గంటలు పోతాయి.

1. పన్ను నిలబడుతుందా? పుచ్చు అంతా తీశాక చిగురు పైన చుట్టూరా కనీసం రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగలాలి. లేకపోతే క్యాప్ పట్టు నిలవదు. ప్రోబ్ పెట్టి చిగురు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. అంతటా రెండు మూడు మిల్లీమీటర్లు దిగి, ఒక్కచోట మాత్రం సన్నగా, లోతుగా జారిపోయిందా? వేరు నిలువునా చీలి ఉండొచ్చు. అలాంటి పంటికి ఏ ఫైలూ అక్కరలేదు. పీకించుకోవడం మంచిదని చెప్పేయండి.

2. అసలు ఎందుకు చెడింది? ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. పై దవడ మొదటి పెద్ద దంతం అనుకుందాం. మూడు కెనాల్స్ చక్కగా పూడ్చారు. చూడటానికి కాలేజీ కేసులా ఉంది. అయినా చీము పడుతోంది. చెంప వైపు ముందు వేరులో రెండో కెనాల్ ఉండే అవకాశం చాలా ఎక్కువ, దాన్ని వదిలేయడమూ అంతే మామూలు. ఆ కెనాల్‌ను వెతక్కుండా మిగతా మూడింట్లో ఉన్న పూడికను ఎంత ఖరీదైన ఫైలుతో తీసినా ఆ పెద్దాయన సలుపు తగ్గుతుందా? ఎక్స్‌రే ఒకటి నేరుగా, ఇంకొకటి కోణం మార్చి తీయండి. పూడిక నీడ వేరు మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటే రెండో పక్క ఏదో ఉందని అనుమానించండి. అప్పటికీ తేలకపోతే సీబీసీటీకి గుంటూరు పంపండి.

3. లోపల ఉన్నది ఏమిటి? గట్టాపర్చా అయితే మెత్తబడుతుంది, వస్తుంది. జింక్ ఆక్సైడ్ యూజినాల్ సీలర్‌తో వేసిన పాత కేసులు కొంత సులువు. రెజిన్ సీలర్ గోడకు అంటుకుంటుంది. ఈమధ్య వాడకం పెరిగిన బయోసిరామిక్ సీలర్ గట్టిపడితే సాల్వెంటుకు లొంగదు. పూడిక వేరు చివరిదాకా పోకుండా మధ్యలో ఆగి, కింద ఆ సీలరే గడ్డకట్టి ఉంటే దారి దొరక్కపోవచ్చు. ఆ మాట పేషెంటుకు ముందే చెప్పాలి.

4. అసలు తీయాల్సిన అవసరం ఉందా? పూడిక రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఉంది, కానీ ఏళ్లుగా నొప్పి లేదు, ఎముక బాగుంది, కొత్త క్యాప్ వేసే ఆలోచనా లేదు. అలాంటి పంటిని కదిలించకండి. ఎక్స్‌రే అందంగా రావాలని పన్ను తవ్వడం మన సరదా తప్ప పేషెంటు అవసరం కాదు.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి నివేదిక 1937లో నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. పల్నాడులోనూ కొన్ని మండలాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. కాబట్టి పన్ను గోధుమ రంగులో ఉన్నంత మాత్రాన లోపల చచ్చిందని అనుకోకండి. పక్క పళ్లు, ఎదుటి పళ్లు కూడా చూసి, చల్లటి పరీక్ష చేసి, నొప్పి ఏ పంటిదో తేల్చుకున్నాకే పాత పూడిక జోలికి వెళ్లండి. సలుపు పక్క పంటిదై, మీరు ఈ పన్ను తవ్వితే ఆ పెద్దాయనకు ఏం జవాబు చెబుతారు?

బజారులో ఉన్నవి, వాటి నడత

నికెల్ టైటానియం ఫైలు మన వృత్తిలోకి వచ్చి మరీ ఎక్కువ కాలం కాలేదు. 1988లో వాలియా బృందం పళ్లు సరిచేసే తీగ నుంచి చేతి ఫైళ్లు చెక్కి చూపించింది. మిషను మీద తిరిగేవి ఆ తర్వాతి దశాబ్దంలో వచ్చాయి. పాత పూడిక తీయడానికే ప్రత్యేకంగా చేసినవి ఇంకా తర్వాత.

ముందు హెచ్ ఫైలు సంగతి. దీన్ని రెప్ గుర్తు చేయడు. పై ముందు పన్ను, ఒకే వెడల్పాటి కెనాల్, లోపల గట్టాపర్చా వదులుగా ఉంది అనుకోండి. గోడకూ పూడికకూ మధ్య సందులోకి 25 నంబరు హెచ్ ఫైలును మెల్లగా తిప్పి దించి, పట్టు చిక్కాక నేరుగా పైకి లాగండి. చాలాసార్లు గులాబీ రంగు కోను మొత్తం ఫైలు పళ్లకు పట్టుకుని ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. మోటారు ఆన్ చేసే పనే లేదు. సన్నటి, వంకర కెనాల్లో గట్టిగా దట్టించిన పూడిక అయితే చేత్తో గంటలు పడుతుంది, చెయ్యీ నొప్పి పుడుతుంది. మిషను ఫైలు అవసరం అక్కడ.

ప్రోటేపర్ యూనివర్సల్ రీట్రీట్‌మెంట్ ఫైళ్లు మూడు. వేరును మూడు వంతులు చేసి వంతుకొకటి ఇచ్చారు. డీ1 పొడవు 16 మిల్లీమీటర్లు, కొన 30, టేపరు 9 శాతం, పిడి మీద ఒక తెల్ల గీత. డీ2 పొడవు 18, కొన 25, టేపరు 8 శాతం, రెండు గీతలు. డీ3 పొడవు 22, కొన 20, టేపరు 7 శాతం, మూడు గీతలు. వీటిలో డీ1కి మాత్రమే కోసే కొన ఉంటుంది. గట్టిపడ్డ పూడికలోకి మొదటి దారి చేయడం దాని పని. పై వంతు దాటి దాన్ని దింపితే ఆ కొన పూడికను వదిలి వేరు గోడను తొలచడం మొదలుపెడుతుంది. డీ2, డీ3ల కొనలు కోయవు, దారి వెంట పోతాయి. వేగం 500 నుంచి 700 ఆర్‌పీఎం. మామూలు రూట్ కెనాల్‌కు పెట్టుకున్న 250, 300 దగ్గరే మోటారు వదిలేస్తే రాపిడికి వేడి చాలక గట్టాపర్చా మెత్తబడదు, అప్పుడు మీరు నొక్కుతారు, ఫైలు విరుగుతుంది.

కొత్తవాళ్లకు ఈ పద్ధతే నేను చెప్పేది. ఎక్కడ ఆగాలో ఫైలు పొడవే గుర్తు చేస్తుంది. లోపాలు రెండు. కోరపన్ను వేరు పొడవైతే 22 మిల్లీమీటర్ల డీ3 చివరిదాకా అందదు. అందినా దాని కొన 20 మాత్రమే, కాబట్టి చివర్లో గోడలకు పట్టినది అట్లాగే మిగులుతుంది. డీ3తో పని అయిపోయిందని ఎప్పుడూ అనుకోకండి. మన దేశపు ఓరికామ్ కంపెనీ నియోఎండో పేరుతో ఇదే తరహా మూడు ఫైళ్ల సెట్టు అమ్ముతోంది. డబ్బులు చూసుకోవాల్సిన కొత్త క్లినిక్ దాన్ని తీసుకున్నా నష్టం లేదు, పెట్టె మీద రాసిన వేగం మాత్రం చదివి పెట్టుకోండి.

ఎమ్‌టూ ఆర్‌లో ఫైళ్లు రెండే. కొనలు 15, 25, టేపరు రెండింటికీ 5 శాతం. సన్నగా ఉంటాయి కాబట్టి కింది దవడ పెద్ద దంతం ముందు వేరులాంటి ఇరుకు దారుల్లోకి చొరబడతాయి. అయితే రెండింటికీ కోసే కొనలే. వంపు దగ్గర చెయ్యి తేలిక లేనివాళ్లకు ఇవి ప్రమాదం. ముందు మెట్టు కొడతాయి, ఆ మెట్టు దగ్గరే ఆగిపోతారు.

డి-రేస్‌లోనూ రెండే. మొదటిది డీఆర్1, 15 మిల్లీమీటర్లు, కొన 30, టేపరు 10 శాతం, కోసే కొన, 1000 ఆర్‌పీఎం. రెండోది డీఆర్2, 25 మిల్లీమీటర్లు, కొన 25, టేపరు 4 శాతం, 600 ఆర్‌పీఎం. రెండోది నాకు ఇష్టం. పొడవు ఉంది, వంగుతుంది, కోరపంటికీ అందుతుంది. కొనేముందు మీ మోటారు 1000 దాకా పోతుందో లేదో చూసుకోండి.

ఇక రెసిప్రాక్, వేవ్‌వన్. ఒకే ఫైలు, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. రెసిప్రాక్ కోసే వైపు 150 డిగ్రీలు, వెనక్కి 30 డిగ్రీలు తిరుగుతుంది, అంటే మూడు ఊగులకు ఒక చుట్టు పూర్తి. ఎర్ర రంగు ఆర్25 కొన 25, మొదటి మూడు మిల్లీమీటర్లలో టేపరు 8 శాతం. నల్లది 40, పసుపుది 50. వీటిని మొదట చేసింది కొత్త కెనాల్స్ కోసమే అయినా పూడిక తీయడంలోనూ బాగా పనికొస్తున్నాయి. మామూలుగా తిరిగే ఫైలు ఇరుక్కుని మెలిపడి తెగే చోట ఈ ఊగుడు కొంత రక్షణ ఇస్తుంది. ఒక్క జాగ్రత్త. రెసిప్రాక్, వేవ్‌వన్ ఎడమవైపు తిరిగేటప్పుడు కోస్తాయి. ఊగే సౌకర్యం లేని మామూలు మోటారుకు తగిలిస్తే పని జరగదు. అట్లాగే డీ1ను ఊగే ప్రోగ్రాములో తిప్పినా లాభం లేదు.

వీటి పిడి దగ్గరి రంగు రింగు చూశారా? ఆటోక్లేవ్‌లో పెడితే అది ఉబ్బుతుంది, మళ్లీ హ్యాండ్‌పీస్‌లో పట్టదు. రెండో పేషెంటుకు వాడకూడదనే కావాలని అట్లా చేశారు. ఆ రింగును బ్లేడుతో చెక్కి మళ్లీ వాడేవాళ్లు ఉన్నారు. మీరు మాత్రం ఆ పని చేయకండి.

కరపత్రంలో గ్రాఫు చదవడం ఎట్లా?

ఈ పోలికల మీద దేశమంతా డెంటల్ కాలేజీల్లో థీసిస్‌లు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. ఎండోడాంటిక్స్ పీజీకి ఇది చేతికి అందే అంశం. పద్ధతి ఇంచుమించు ఒకటే. పీకిన పళ్లు, చాలాసార్లు ఒకే కెనాల్ ఉన్న చిన్న దవడ పళ్లు తీసుకుంటారు. తల కోసేసి వేర్లన్నీ ఒకే పొడవుకు తెస్తారు. ఒకే చెయ్యి ఒకే సీలర్‌తో పూడుస్తుంది. శరీరపు వేడిలో, తేమలో కొన్ని వారాలు ఉంచుతారు. తర్వాత గుంపులు చేసి ఒక్కో గుంపును ఒక్కో ఫైలుతో తీస్తారు. పంటిని నిలువునా చీల్చి గానీ, మైక్రో సీటీలో పెట్టి గానీ ఎంత మిగిలిందో కొలుస్తారు.

మంచి పనే. కానీ మీ కుర్చీలో కూర్చున్న పెద్దాయన పంటికి తల ఉంది, మూడు నాలుగు కెనాల్స్ ఉన్నాయి, వంపు ఉంది. పూడిక వయసు వారాల్లో లేదు, ఎనిమిదేళ్లు. పైగా నోరు రెండు వేళ్ల కంటే ఎక్కువ తెరవలేడు. ఆ గ్రాఫు ఈ పంటికి సరిపోతుందా?

అయినా అన్ని అధ్యయనాలూ కలిపి చూస్తే మనకు పనికొచ్చేవి మూడు దొరుకుతాయి. ఒకటి, ఏ పద్ధతితోనూ గోడలు పూర్తిగా శుభ్రం కావు, వేరు చివరి వంతులోనే ఎక్కువ మిగులుతుంది. రెండు, మిషను ఫైళ్లు సాధారణంగా చేతి ఫైళ్ల కంటే తొందరగా పని ముగిస్తాయి. మూడు, తిరిగేవా, ఊగేవా ఏవి శుభ్రంగా తీస్తాయన్న దాని మీద ఫలితాలకు ఒకదానితో ఒకటి పొంతన లేదు. రెప్ ఒక గ్రాఫు చూపిస్తే దానికి ఎదురు చెప్పే గ్రాఫు ఇంకో కంపెనీ బ్యాగులో ఉంటుంది. కొనేముందు అతన్ని ఇది అడగండి: "ఈ పళ్లు ఒకే కెనాల్‌వా, పెద్ద దంతాలవా?" జవాబు కంటే ముందు అతని మొహం చూడండి, సరదాగా ఉంటుంది.

మరి ఏం కొనాలి? మూడు ఫైళ్ల సెట్టు ఒకటి, 15 నుంచి 40 దాకా హెచ్ ఫైళ్లు, చేతి కే ఫైళ్లలో సన్నవి పుష్కలంగా, అల్ట్రాసోనిక్ టిప్పులు రెండు. మీ మోటారుకు ఊగే ప్రోగ్రాము ఉంటే ఆర్25 ప్యాకెట్ ఒకటి. అంతే, నాలుగు కిట్లు అక్కరలేదు. డబ్బులు మిగిలితే లూప్స్ కొనుక్కోండి, కనబడని పూడికను ఏ ఫైలుతో తీస్తారు?

కుర్చీ దగ్గర

1. రబ్బరు డ్యామ్ వేయండి. పాత క్యాప్ ఉంటే తీసేయడమే మేలు. క్యాప్ మీదుగా రంధ్రం చేస్తే కింద పుచ్చు ఎక్కడుందో, చీలిక ఉందో లేదో కనబడదు.

2. పంటిలోని పల్ప్ గది నేల పూర్తిగా శుభ్రం చేసి, వదిలేసిన కెనాల్ ఉందేమో ముందే వెతకండి. పూడిక తీశాక వెతుకుదాం అనుకుంటే గులాబీ రంగు ముద్ద నేలంతా పరుచుకుని దారి మూసేస్తుంది.

3. వేడి చేసిన ప్లగ్గరుతో గానీ, గేట్స్ గ్లిడెన్ 2 లేదా 3 నంబరుతో గానీ కెనాల్ నోటి దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల గుంట చేయండి. ఫైలు కొన అందులో కూర్చుంటుంది, పక్కకు జారదు.

4. డీ1 పెట్టండి. సాల్వెంటు వేయకుండానే. ఇక్కడ చెయ్యి ఎంత తేలికగా ఉంటే అంత మంచిది. ఫైలు తనంతట తాను లోపలికి పోతుంది. మూడు చిన్న అద్దుళ్లు అద్ది బయటికి తీయండి. ఫైలు గాడుల్లో గులాబీ రంగు గట్టాపర్చా చుట్టలు చుట్టుకుని కనబడుతుంది. తడి గాజుగుడ్డతో తుడిచి, గాడులు ఒకసారి కళ్ల ముందు పెట్టుకుని చూడండి. ఎక్కడైనా మెలిక విప్పుకున్నట్టు, సాగినట్టు కనబడితే వెంటనే పారేయండి. మళ్లీ పెట్టండి, మళ్లీ తుడవండి. ఈ తుడిచే పని విసుగని మానేసినవాళ్లే ఎక్కువ ఫైళ్లు విరగ్గొడతారు. గాడులు నిండిపోయాక ఫైలుకు కోసే చోటు ఉండదు, అప్పుడు అది నెట్టడం మొదలుపెడుతుంది, పూడిక కిందికి గట్టిపడుతుంది.

5. డీ2తో వంపు మొదలయ్యే దాకా మాత్రమే పోండి. వంపు ఎక్కడ మొదలవుతుందో ఎక్స్‌రే మీద ముందే కొలిచి, ఫైలు మీద రబ్బరు స్టాపరు అక్కడికి జరిపి పెట్టుకున్నారు గదా?

6. ఇప్పుడు మోటారు పక్కన పెట్టండి. జైలీన్ గానీ, నారింజ నూనె సాల్వెంటు గానీ ఒక్క చుక్క. ఒక నిమిషం ఆగి, 10 లేదా 15 నంబరు కే ఫైలు కొనను కొంచెం వంచి, గడియారం ముల్లు కదిలినట్టు అటూ ఇటూ తిప్పుతూ దించండి. పట్టుగా, మెత్తగా ఉంటే పూడిక. ఠక్కున గట్టిగా తగిలితే గోడ లేదా పాత మెట్టు. ఆ తేడా వేళ్లకు తెలియడానికి కొన్ని కేసులు పడుతుంది. దారి దొరికాక పొడవు కొలవండి. లోపల పూడిక ఇంకా ఉన్నప్పుడు ఎపెక్స్ లొకేటర్ తప్పు చెప్పొచ్చు, ఎక్స్‌రేతో సరిచూసుకోండి.

7. దారి నేరుగా ఉంటే డీ3 లేదా ఆర్25. వంకరగా ఉంటే చేతి ఫైళ్లతోనే ముగించండి. ఆ తర్వాత పాత సైజు కంటే ఒకటి రెండు సైజులు పెద్దగా చెయ్యాలి, లేకపోతే గోడలకు పట్టిన పొర కదలదు.

8. హైపోక్లోరైట్ దండిగా వాడండి, పక్కకు రంధ్రమున్న సూదితో, సూది కెనాల్లో ఇరుక్కోకుండా. 17 శాతం ఈడీటీఏ ఒక నిమిషం. మధ్యలో అల్ట్రాసోనిక్ టిప్పుతో ద్రావణాన్ని కదిలించండి. ఎక్స్‌పీ ఎండో ఫినిషర్ ఆర్ లాంటివి ఈ దశ కోసమే వచ్చాయి. టేపరు లేని సన్నటి తీగ, ఒంటి వేడికి వంపు తిరిగి గోడల మూలలను గీకుతుంది. ఉంటే మంచిదే, లేకపోతే అల్ట్రాసోనిక్‌తో ఓపికగా చేయండి. హైపోక్లోరైట్ తర్వాత నేరుగా క్లోర్‌హెక్సిడిన్ పోయకండి, రెండూ కలిస్తే గోధుమ రంగు మడ్డి పేరుకుంటుంది.

9. చివరగా సాల్వెంటులో తడిపిన పేపర్ పాయింటు దించి తీయండి. గులాబీ మరక పడిందా? ఇంకా ఉంది. తెల్లగా వచ్చినా ఒక ఎక్స్‌రే తీసి చూశాకే మందు పెట్టి తాత్కాలికంగా మూయండి.

ఎక్కడ జారతారు?

అన్నిటికంటే ఎక్కువ సాల్వెంటు దగ్గర. తొందరగా పోవాలని మొదట్లోనే సీసా ఎత్తుతారు. గట్టాపర్చా జిగురు నీళ్లయి గోడల సందుల్లోకి పాకుతుంది. ఎక్స్‌రేలో శుభ్రంగా ఉన్నట్టే కనబడుతుంది, తీయడం మాత్రం రెట్టింపు పని. జైలీన్, క్లోరోఫారం రబ్బరు డ్యామ్‌ను తినేస్తాయి, చిగురు మీద పడితే కాలుతుంది. రెంటచింతల ఎండల సంగతి తెలిసిందే, మూత సరిగ్గా బిగించని జైలీన్ సీసా వేసవిలో అట్టే నిలవదు, గదంతా ఆ వాసనే.

రెండోది మొండితనం. ఫైలు పదిహేను నిమిషాలుగా ఒకేచోట ఆగింది. ఇంకొంచెం నొక్కితే పోతుందేమో అనిపిస్తుంది. పోతుంది, వేరు పక్కనుంచి బయటికి పోతుంది. ఆపి, తాత్కాలికంగా మూసి, ఎక్స్‌రేతో సహా పంపించండి. గుంటూరు దగ్గర తక్కెళ్లపాడు సిబార్ డెంటల్ కాలేజీలో, విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఎండోడాంటిక్స్ విభాగాలు ఉన్నాయి. మైక్రోస్కోపు పెట్టుకున్న స్పెషలిస్టులు ఎవరున్నారో మీరే కనుక్కుని ఒకరిద్దరి నంబర్లు దగ్గర పెట్టుకోండి. పంపినందుకు పేషెంటు మిమ్మల్ని తక్కువగా చూస్తాడని భయమా? పాడుచేసి పంపితే చూస్తాడు.

ఫైలు విరిగిందనుకోండి. ఎవరికైనా విరుగుతుంది. ఆ ముక్క ఎక్స్‌రేలో చూపించి, ఆ రోజే చెప్పి, కేస్ షీట్‌లో రాయండి. రేపు ఇంకో డాక్టరు నోట వింటే ఊరంతా వింటుంది.

పెద్దాయనతో ఏం మాట్లాడాలి?

ముందు చేసిన డాక్టరును తిట్టకండి. పేటలో అందరం అందరికీ తెలుసు, ఆయన మీ కాలేజీ సీనియరే అయ్యుండొచ్చు. పైగా ఆ రోజు ఆ నోట్లో పరిస్థితి ఏమిటో మీరు చూడలేదు. క్యాప్ వేయించుకోమంటే పేషెంటే మిర్చి డబ్బులు వచ్చాక చూద్దామని వదిలేసి ఉండొచ్చు.

మాట ఇట్లా సాగాలి:

"మళ్లీ చేస్తే గ్యారంటీనా సారూ?"

"గ్యారంటీ అంటే అబద్ధమవుతుంది బాబాయ్. మొదటిసారి చేసినదాని కంటే ఇది కష్టం. పాతది తీసి, లోపల కడిగి, మందు పెట్టి వారం చూద్దాం. చీము తగ్గితే పూడ్చి క్యాప్ వేద్దాం. తీసేటప్పుడు వేరు చీలి ఉందని తేలితే అక్కడితో ఆపేస్తాను, చేసినదానికే డబ్బులు తీసుకుంటాను."

"పీకేస్తే పోలా?"

"పీకొచ్చు. కానీ పీకితే పక్కది ఒరుగుతుంది, ఎదుటిది ఆ ఖాళీలోకి జరుగుతుంది, తర్వాత కట్టుడు పన్నుకు దీనికంటే ఎక్కువవుతుంది. రెండూ చెప్పాను, ఇంట్లో మాట్లాడుకుని రండి."

మొదటి రోజు తర్వాత రెండు మూడు రోజులు నొప్పి పెరగొచ్చని కూడా అప్పుడే చెప్పండి. చెప్పకపోతే ఆయన ఆ రాత్రే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి యాంటీబయాటిక్ ఇంజక్షన్ వేయించుకుంటాడు, వాపు, జ్వరం లేకపోయినా సరే.

పూడ్చిన తర్వాత క్యాప్ ఆలస్యం చేయకండి. పైనుంచి ఉమ్మి దిగితే ఇంత కష్టమూ వృథా. ఎముక నిండిందో లేదో చూడటానికి ఆరు నెలలకు ఒక ఎక్స్‌రే, ఏడాదికి ఇంకోటి తీయాలి. నల్లటి మచ్చ ఏడాదికీ పూర్తిగా పోకపోయినా చిన్నదవుతుంటే, నొప్పి లేకుంటే, కంగారు పడి మళ్లీ తవ్వొద్దు. కొన్నిటికి నాలుగేళ్ల దాకా పడుతుంది. కార్డు మీద తేదీ వేసేటప్పుడు జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలని గుర్తుంచుకోండి. ఆ నెలల్లో రమ్మంటే దుర్గి నుంచి ఎవరూ బస్సెక్కరు. ఉగాది దాటాక ఒక సోమవారం రాసి, ఫోన్ నంబరు ఆయనదే కాకుండా కొడుకుదో కోడలిదో కూడా తీసుకోండి.